మా బావ మూలుగ

మా ఇంట్లో మటన్ వండిన రోజు మూలుగ బొక్క అల్లుడికే చెందుతుంది. ఈ చట్టం చేసింది మా అమ్మ. అక్క పెళ్లయిన ఏడాది దసరాకు బావ ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డిలోని మా ఇంటికి వచ్చాడు. అప్పటిదాకా నా పళ్లెంలో పడుతున్న ఆ బొక్క గంటె మీద ఊగుతూ ఊగుతూ నన్ను దాటిపోయి బావ పళ్లెంలో పడింది. నేనప్పుడు పదో తరగతి. ఇంటికి ఒక్కగానొక్క కొడుకును. "అవ్వా, గది నాది" అన్నాను. "అల్లుడొచ్చిన నాడు నోరు మూస్కొని తినాలె" అంది అమ్మ. బావ ఆ బొక్కను పళ్లెం అంచుకు టక్ టక్‌మని కొట్టి, ఒక కన్ను మూసి లోపలికి తొంగిచూసి, లోపలి మూలుగను సుర్రుమని పీల్చాడు. పీల్చి, నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

అమ్మ పోయింది గానీ చట్టం పోలేదు. అక్క ఎల్లారెడ్డిలో దాన్ని తు.చ. తప్పకుండా అమలు చేస్తూ వచ్చింది. నాకు నెత్తి మీద వెంట్రుకలు పలచబడ్డాయి. కామారెడ్డి–ఎల్లారెడ్డి బస్సులో కండక్టర్‌నయ్యాను. నేను "ముందుకు జరగండ్రి" అని ఒక్క కేక వేస్తే లింగంపేట స్టేజీలో మేకలు కూడా జరుగుతాయి. అంతటివాణ్ని అక్క ఇంట్లో పీట మీద కూర్చుంటే మాత్రం నా వంతుకు వచ్చేది మెడ ముక్కే. కటికాయన తూకంలో ఒక్క మూలుగ బొక్కనే వేస్తాడు, అది బావకే, ఇక మాట్లాడేదేముంది?

బావ వరికోత మిషన్ నడుపుతాడు. మనిషి ఆరడుగులు, మీసం ఇంకో అర అడుగు. మన దగ్గర కోతలు అయిపోగానే మిషన్ తోలుకుని ఛత్తీస్‌గఢ్ దిక్కు పోతాడు. తోడుగా మద్నూర్‌కు చెందిన ఇంకో డ్రైవర్ ఉంటాడు. తెలుగు, మరాఠీ కలిపి మాట్లాడే మనిషి. బావ ఆయన్ను జోడీదార్ అంటాడు. పొద్దున ఒకరు తోలితే మాపు ఒకరు. ఆ మిషన్ మీద వాళ్లిద్దరిదీ ఒకటే రివాజు: రొట్టె అయినా, బీడీ అయినా, దుప్పటి అయినా సగం సగం.

ఆ ఏడాది కోతల నుంచి బావ మలేరియా తెచ్చుకున్నాడు. తెచ్చుకోవడమే కాదు, అదేదో బహుమతి లాగా చెప్పుకున్నాడు. "బామ్మర్దీ, వణుకు అంటే గది వణుకు. నేను వణుకుతుంటే మిషన్ సుత వణికింది. అక్కడి దవాఖానల గోలీలు ఇచ్చిన్రు, మూడో పొద్దుకు ఉఫ్‌మని ఎగిరిపోయింది" అన్నాడు. నేను కూడా ఊరుకుంటానా? "నిన్ను కుట్టిన దోమ బతికిందా బావా?" అని అడిగాను. అందరం నవ్వుకున్నాం.

తర్వాత నవ్వు తగ్గుతూ వచ్చింది. జ్వరం మళ్లీ గట్టిగా రాలేదు, ఎప్పుడో మాపటి పూట ఒళ్లు కాస్త వెచ్చబడేదంతే. కానీ మనిషి పాలిపోయాడు. గోళ్లు తెల్లగా అయ్యాయి. ఒకరోజు ఎల్లారెడ్డి బస్టాండులో నా బస్సు ఎక్కబోయి, ఒక మెట్టు ఎక్కి, రాడ్ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. వెనక జనం ఆగిపోయారు. నాకు అలవాటు చొప్పున కేక నోటి దాకా వచ్చింది. "ఏందయ్యా మెట్ల మీద..." అని మొదలుపెట్టి, కూర్చున్నది ఎవరో చూసి ఆగిపోయాను. బావ తల ఎత్తి, "జర దమ్ము వస్తుంది కండక్టర్ సాబ్. టికెట్ కొడతవా, కిందికి నూకుతవా?" అన్నాడు. నేను చెయ్యి అందించాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. నాకు భయమేసింది.

కామారెడ్డిలో డాక్టరమ్మ రక్త పరీక్షలు చేయించింది. ఎర్ర కణాలు తక్కువ, తెల్ల కణాలు తక్కువ, ప్లేట్‌లెట్లు కూడా తక్కువ. మలేరియా కోసం వేలి రక్తంలో వెతికితే ఏమీ కనిపించలేదు. "మందులు పూర్తిగా వాడారా?" అని ఆమె అడిగితే బావ మీసం సర్దుకుని "అన్నీ వాడిన మేడం" అన్నాడు. ముందు రక్తం ఎక్కించాలన్నారు. నా గ్రూపు కలిసింది. ముప్పై ఏళ్లు నా బొక్కలు తిన్నవాడికి రక్తం కూడా నేనే ఇవ్వాల్సి వచ్చింది చూడండి! ఇచ్చి, పక్కన కూర్చుని "ఇప్పుడన్న సిగ్గు శరం వస్తది బావా, మంచి రక్తం పడ్డది" అన్నాను. మర్నాడు బావ నీరసంగానే జవాబిచ్చాడు: "నీ రక్తం ఎక్కిన సంది ఏందో బామ్మర్దీ, మనుషులను చూస్తే కోపమొస్తుంది. చిల్లర అడగబుద్ధయితుంది."

కొన్నాళ్లు నిలబడి ఆ రక్తమూ మళ్లీ తగ్గింది. కొత్తది పుట్టడం లేదన్నమాట. డాక్టరమ్మ అక్కను, నన్ను పక్కకు పిలిచి, రక్తం తయారయ్యేది ఎముకల మూలుగలో కాబట్టి అక్కడ ఏం జరుగుతోందో చూడాలి, తుంటి ఎముకలోంచి కొద్దిగా తీసి పరీక్షకు పంపాలి అంది. ఏ రోగమని అనుమానమో ఆమె పైకి అనలేదు. మా వాడకట్టు మాత్రం పిలవకుండానే వచ్చి ఆ పేరు చెప్పిపోయింది. బ్లడ్ క్యాన్సర్. ఒకావిడ అయితే తన మేనమామకు ఎట్లా వచ్చిందో, ఎట్లా పోయాడో మొదటి నుంచి చివరిదాకా వినిపించి, చాయ్ తాగి మరీ వెళ్లింది.  అక్క ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంది. ఆకు కత్తిరించిన చోటే మళ్లీ మళ్లీ కత్తిరించడం నేను చూశాను.

పరీక్షలు అయ్యేదాకా బావ కామారెడ్డిలో నా ఇంట్లోనే ఉన్నాడు. అక్క ఎల్లారెడ్డిలో ఉండి యుద్ధం మొదలుపెట్టింది. మూలుగ పని చేయడం లేదా, అయితే మూలుగే తినిపించాలి! ఇంతకంటే సూటి వైద్యం ఏముంది? పొద్దున్నే మేక కాళ్ల పాయ ఉడకబెట్టి, మటన్ వండి, టిఫిన్‌లో సర్ది, నా మొదటి ట్రిప్పుకు బస్టాండులో నిలబడేది. మా ఇంటావిడ వంట మీద అక్కకు నమ్మకం లేదు. దాని మీద మా ఇంట్లో జరిగిన చర్చలు ఇక్కడ రాయను, నేను ఇంకా ఆ ఇంట్లోనే తినాలి. ఒకసారి టిఫిన్ మూత ఊడిపోతే సర్దుతూ చూశాను. మటన్‌లో మూలుగ బొక్కలు రెండు! తర్వాత రోజూ చూశాను, ప్రతిసారీ రెండే. కటికాయనకు అంత దయ ఎప్పుడు పుట్టిందో అనుకున్నాను. నా కళ్ల ముందే, నా బస్సులోనే, నా ఒళ్లో పెట్టుకుని ఆ రెండు బొక్కలనూ తీసుకుపోయి బావకు అప్పజెప్పడం... పగవాడికి కూడా ఆ డ్యూటీ వద్దు.

మూలుగ పరీక్ష రోజు బావ ముఖం చూడాలి. మిషన్ కింద పాము దూరితే తోక పట్టి లాగిన మనిషి, బల్ల మీద బోర్లా పడుకుని నా చెయ్యి వదలడు. "బామ్మర్దీ, బొక్కను దేనికన్న కొడతరా?" అని మెల్లగా అడిగాడు. నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగాను. ఇన్నేళ్లు పళ్లెం అంచుకు టక్ టక్‌మని కొట్టి పీల్చిన మనిషి కదా, తన తుంటికీ అదే గతి పడుతుందని ఆయన భయం. "కొడతరు బావా. ఒక కన్ను మూసి లోపలికి సూస్తరు గూడ" అన్నాను. డాక్టరమ్మ నన్ను కోపంగా చూసి, చిన్న సూదితో కొద్దిగా పీలుస్తారని చెప్పింది.

"గుంజినంక మల్ల ఊరుతదా మేడం?"

"ఊరుతుంది. మీరేం భయపడకండి."

మత్తు ఇంజెక్షన్ ఇవ్వబోతుండగా బావ నా చెయ్యిని నలిపేస్తూ, "మేడం, ఒక్క నిమిషం. ఒక మాట చెప్పాలె" అన్నాడు. "మలేరియా గోలీలు నేను సగమే తిన్న. మా జోడీదార్‌కు సుత జ్వరమే. ఇద్దరం దవాఖానకు పోతే మిషన్ ఆగుతది. నేనొక్కన్నే పోయిన. ఇచ్చిన గోలీలు ఇద్దరం సగం సగం తిన్నం. ఇద్దరికీ తగ్గింది. ఇగ మంచిగైందనుకున్న."

డాక్టరమ్మ చేతిలో సూది అట్లాగే ఆగింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. "బావా, నీకు నెత్తి ఉన్నదా? రొట్టె పంచుకున్నట్టు మందు పంచుకుంటరా ఎవలన్న? అక్క అక్కడ ఏడ్వలేక చస్తుంది, నువ్వు ఇన్ని రోజులు నోట్లె ఏం పెట్టుకున్నవ్?" అని ఆస్పత్రి అని కూడా చూడకుండా అరిచాను. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంది. పోదామంటే బావ చెయ్యి వదలలేదు. "సిగ్గయింది బామ్మర్దీ" అన్నాడు, అంతే. డాక్టరమ్మ ఇప్పటికైనా చెప్పినందుకు మంచిదంటూనే, కణాలన్నీ ఇంత పడిపోయాయి కాబట్టి మూలుగ చూడక తప్పదని పరీక్ష చేసేసింది. తీసిన మూలుగ హైదరాబాద్‌కు పోయింది.

ఫలితం వచ్చిన రోజు అక్క నా బస్సులోనే వచ్చింది. తమ్ముడి బస్సయినా ఆధార్ కార్డు తీసి చూపించి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ తీసుకుంటుంది, ఎందుకంటే ఒకసారి మరిచిపోయినందుకు నేను అందరి ముందు అరిచాను. ఆ రోజు కార్డు తిరగేసి పట్టుకుంది. నేనే దాన్ని తిప్పి చూసుకుని టికెట్ కొట్టి ఇచ్చాను.

"క్యాన్సర్ లేదు" అని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. మంచి మనిషి, నాన్చలేదు. అక్క కుర్చీలో ఉన్నది కాస్తా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ ఆగి, అక్క కొంగు తీశాక, ఫోన్‌లో ఆ మూలుగ ఫొటో ఒకటి చూపించింది. ఊదా రంగు మచ్చలు మచ్చలుగా ఉంది. వాటి లోపల ముదురు గోధుమ రంగు నలుసులు.

"తంబాకు పొడి లెక్కున్నది" అంది అక్క.

"ఇది మలేరియా క్రిమి వదిలిన చెత్త. అది ఎర్ర కణాల్లోకి దూరి రక్తాన్ని తిని ఇది మిగులుస్తుంది. రక్తంలో కణాలు పగలడం అందరికీ తెలిసిందే. కానీ కొన్ని క్రిములు పోయి మూలుగలోనే దాక్కుని పెరుగుతాయి. అందుకే వేలి రక్తంలో మనకు దొరకలేదు. ఈ చెత్త, దాని మీద ఒళ్లు చేసే పోట్లాట, రెండూ కలిసి మూలుగను మొద్దుబారుస్తాయి. లోపల కణాలు తయారవుతూనే ఉంటాయి, కానీ వంకర టింకరగా. చాలామటుకు బయటికి రాకముందే అక్కడే చచ్చిపోతాయి."

అక్క ఫొటోను ఇంకా దగ్గరికి తీసుకుంది. "అంటే కార్ఖాన నడుస్తనే ఉన్నది, గని చుట్టిన బీడీ చుట్టినట్టే చెక్ చేసేటాయన ఇరిచి పారేస్తున్నడు. గంతేనా మేడం?"

"గంతే" అంది డాక్టరమ్మ నవ్వుతూ.

"మరి ఇన్ని దినాలు పాయ, మూలుగ, బీట్‌రూట్, దానిమ్మ పండ్లు..."

"బలానికి మంచిదే. కానీ తిన్న మూలుగ కడుపులోకి పోతుందమ్మా, ఎముకలోకి పోదు. ఈ రోగం నడిచినంత కాలం ఒంట్లో ఉన్న ఇనుమును కూడా శరీరం దాచిపెట్టుకుంటుంది, వాడనివ్వదు. ముందు క్రిమి చావాలి. ఈసారి మందు పూర్తిగా పడాలి."

బావ నేల చూపులు చూశాడు. బయటికి రాగానే మద్నూర్‌కు ఫోన్ చేశాడు. అక్కడ జోడీదార్ కూడా మూల పడి ఉన్నాడట, ఎండ దెబ్బ అనుకుంటున్నారట, చలికాలంలో! "అరె భావూ, మనం సగం సగం పంచుకున్నది మందు కాదంట, రోగమంట. ఇయ్యాల్నే దవాఖానకు పో. ఈపారి గోలీలన్ని నువ్వొక్కనివే తిను, నాకేం పంపకు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాడు. ఆ జోడీదార్ కూడా తర్వాత కోలుకున్నాడు, అది ముందే చెప్పేస్తున్నాను.

ఈసారి మందు వేసే అధికారం అక్క తీసుకుంది. అందుకోసమే నా ఇంటికి దిగి, గోలీ నోట్లో వేసి, నీళ్లు పోసి, "నాలుక ఎత్తు" అనేది. ఆరడుగుల మనిషి బడి పిలగాడిలా నాలుక ఎత్తి చూపించేవాడు. నేను అది చూడటం కోసమే డ్యూటీకి కాస్త ఆలస్యంగా పోయేవాణ్ని. మందుల కోర్సు పూర్తయింది, సాయంత్రాల వెచ్చదనం పోయింది. రక్తం మాత్రం వెంటనే పెరగలేదు. క్రిమి చచ్చినా మూలుగ తేరుకోవడానికి వారాలు పడుతుందని, ముందుగా రక్తంలో పిల్ల కణాలు కనిపిస్తాయని, అవి వస్తే ఇక ఫికర్ లేదని డాక్టరమ్మ చెప్పింది. నాకు ఇంకేం కావాలి? పొద్దున లేవగానే, "ఏం బావా, పిల్లలు పుట్టిన్రా?" అని అడిగేవాణ్ని. "ఇంకా నొప్పులు రాలె బామ్మర్దీ" అనేవాడు బావ. అక్క ఇద్దరినీ తిట్టేది. మళ్లీ ఎల్లారెడ్డికి పోయి వస్తూ, మళ్లీ టిఫిన్లు తెస్తూ ఉండేది. తిన్న మూలుగ ఎముకలోకి పోదని డాక్టరమ్మ చెప్పిన తర్వాత కూడా ఆ టిఫిన్‌లో బొక్కలు రెండే.

ఒకరోజు లింగంపేట దాటాక ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. పిల్ల కణాలు బాగా కనిపిస్తున్నాయట. నేను బస్సులో, టికెట్ మిషన్ చేతిలో పట్టుకుని, "పుట్టిన్రు! మస్తు పుట్టిన్రు!" అని అరిచాను. ఒక పెద్దాయన "ఎంతమంది బిడ్డా?" అని అడిగాడు. చెప్పలేనంత మంది అన్నాను. బస్సంతా నన్ను అదోలా చూసింది. చూస్తే చూడనీ.

తర్వాత బావ నా బస్సు మెట్లు రాడ్ పట్టుకోకుండా ఎక్కి, ఎల్లారెడ్డిలో దిగి ఇంటికి నడిచిపోయాడు. ఆ వచ్చే ఆదివారం నేనూ పోయాను. మటన్ బావే తెచ్చాడు. ఇద్దరం పీటల మీద కూర్చున్నాం. అక్క గంటె తీసింది, మూలుగ బొక్క ఎప్పటిలాగే నన్ను దాటిపోయి బావ పళ్లెంలో పడింది. ఒక్కటే బొక్క. బావ దాన్ని కాసేపు చూసి, తీసి నా పళ్లెంలో వేశాడు.

"తీస్కో బామ్మర్దీ. మొదట్ల నీదే గద."

ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన బొక్క! చేతిలోకి తీసుకున్నాను గానీ నోటి దాకా పోలేదు. ఆ బల్ల, ఆ సూది గుర్తొచ్చాయి. వెంటనే నాలో త్యాగం పొంగింది. "అక్కా, నువ్వు తిను. ఇన్నేండ్ల సంది మాకు పెట్టుడే గని ఒక్కనాడన్న తిన్నవా?" అన్నాను. 

అక్క నవ్వింది. తలుపు పట్టుకుని నవ్వింది. "వారి పిచ్చోడా, కూరల ఎన్నడైనా రెండు బొక్కలుంటయిరా. ఒకటి మీకు, ఒకటి పొయ్యికాడ నాకు. అవ్వ సుత గట్లనే తింటుండె. నాకు నేర్పిందే గామె."

చట్టం చేసిన మా అమ్మ! నేను నోరు తెరిచి చూస్తుంటే బావ మెల్లగా అడిగాడు. "మరి కామారెడ్డికి పంపినప్పుడు టిఫిన్ల రెండు రెండు వచ్చినయేంది?"

అక్క నవ్వు ఆగిపోయింది. గిన్నెలోకి చూస్తూ కూర కలిపింది. "నీకే రక్తం లేకపాయె. నేను తిని ఏం జేసుకోవాలె?"

"తిన్నది బొక్కలకు పోదని డాక్టరమ్మ చెప్పింది గద" అన్నాను నేను, బుద్ధి లేక.

"చెప్పింది. నేను ఇన్న. అయినా ఏసిన" అంది అక్క. "ఈయన పోతే నేను ఒక్కదాన్ని గీడ కూసొని మూలుగ తింటనా?"

 బావ నా చేతిలోని బొక్కను లాక్కుని, పళ్లెం అంచుకు టక్ టక్‌మని కొట్టి, అక్క చేతిలో పెట్టాడు. "గా రెండోది సుత పట్టుకరా. మా ముందల కూసొని తిను" అన్నాడు. ఆయన గొంతు అట్లా వినడం నాకు అదే మొదలు.

అక్క పొయ్యి దగ్గర నుంచి రెండోది తెచ్చుకుని, మా మధ్య కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ రెండూ తిన్నది. నా వంతుకు మళ్లీ మెడ ముక్కే వచ్చింది.